కొబ్బరి పొట్టులో ఎర్రలు

మస్కట్,
12-3-1981

ప్రియమైన చెల్లి రూతుకు,

అన్నయ్య దేవసహాయం ప్రభువు నామంలో వందనాలతో రాసేది. నేను ఇక్కడ కులాసా. అమ్మ మోకాళ్ళు, నాన్నగారి దగ్గు, మన గేదె ఎలా ఉన్నదీ విడివిడిగా రాయి. పోయినసారి "అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇంత దూరంలో ఉన్నవాడికి ఆ ముక్క చాలదమ్మా.

విశేషం ఏమిటంటే నా పని మారింది. క్యాంపు మెస్సులో గిన్నెలు తోమే పని తీసేసి, డేవిస్ దొరగారని ఇంగ్లండు ఇంజనీరుగారి బంగళాలో వేశారు. బయట పొయ్యిలో ఉన్నట్టుంటుంది. లోపల ఏసీ మిషను పెట్టి పుష్యమాసం చేసేశారు. నేను ఇంట్లో కూడా తలకి తువ్వాలు చుట్టుకుంటున్నాను.

దొరగారు నన్ను ఎదురుగా నిలబెట్టి ఇంగ్లీషులో అడిగారు. కోయా అని ఇక్కడి మలయాళీ వంటాయన పక్కనుండి హిందీలో చెప్పాడు. తోటపని వచ్చా? ఆయ్ అన్నాను. ఇస్త్రీ? ఆయ్. నీళ్ళల్లో ఉండే జంతువుల్ని సాకడం వచ్చా? దానికీ ఆయ్ అనేశాను. పెద్దవాళ్ళు అడిగితే మొహం మీద తెలీదని ఎలా అంటాం? అంతటితో ఊరుకోకుండా మా చెల్లెలు జువాలజీలో బీయస్సీ అని కూడా చెప్పాను. దొరగారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

తర్వాత లోపలికి తీసుకెళ్ళి గాజు తొట్టి చూపించారు. అందులో నాలుగు బల్లులు. నీళ్ళల్లో! పొట్ట నారింజపండు రంగు, మీద నల్ల చుక్కలు. వీటిని న్యూట్లు అంటారట. దొరగారి పాపవి. అందులో పెద్దదాని పేరు రోజీ. చచ్చిన పురుగు పెడితే మొహం తిప్పేసుకుంటాయి. తినేది ప్రాణంతో ఉండాలి, కదలాలి. ఆ పురుగుల్ని తేవడం, చావకుండా నిలవ పెట్టడం, కోసి పెట్టడం, ఇక మీద అంతా నాదే.

అసలు సంగతి విను. జూన్‌లో దొరగారి కుటుంబం రెండు నెలలు సెలవు మీద వాళ్ళ దేశం వెళ్తారు. న్యూట్లు నా చేతిలో ఉంటాయి. నా అగ్రిమెంటు ఆగస్టుతో సరి. పొడిగించాలంటే దొరగారి సంతకం కావాలి. ఒక్క న్యూట్ పోయినా నేను తిరిగి మామిడికుదురు రావడమే. నీ బీఈడీ కూడా ఆ సంతకం మీదే ఉంది. కాబట్టి పుస్తకంలో చూసి, ఏం పెట్టాలో, దాన్ని ఎలా బతికించాలో వెంటనే రాయి.

బల్లుల సంగతి అమ్మతో అనకు.

నీ అన్నయ్య,
దేవసహాయం

*

మామిడికుదురు,
30-3-1981

అన్నయ్యకు రూతు వందనాలు.

విడివిడిగా రాయమన్నావు కనుక: అమ్మ మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు లేదు. నాన్నగారి దగ్గు తగ్గింది, చుట్ట తగ్గలేదు. గేదె చూడితో ఉంది. నాన్నగారు ఎప్పటిలాగే సాయంత్రం గాలం పట్టుకుని వెళ్తున్నారు, ఎప్పటిలాగే ఉత్త చేతులతో వస్తున్నారు.

నీ ఉత్తరం దాచలేకపోయాను. పోస్టుమాన్ సింహాచలంగారు "మస్కట్ నుంచి" అని వీధి మలుపు దగ్గరే కేకేశారు. అందరూ కూర్చున్నాక చదవక తప్పలేదు. బల్లుల దగ్గర రెండు వరుసలు దాటేశాను. దాంతో అమ్మకి "మెస్సులోంచి తీసేశారు", "ప్రాణంతో ఉన్న పురుగులు", "కోసి పెట్టడం" ఈ మూడే మిగిలాయి. అవి నీకు పెడుతున్నారనుకుంది. "అంత అన్నం లేని దేశానికి ఎందుకెళ్ళేడే!" అని ఒకటే ఏడుపు. ఆఖరికి బల్లుల సంగతి చెప్పక తప్పలేదు. ఇప్పుడు నువ్వూ బల్లులూ ఒకే పళ్ళెంలో తింటున్నారని అమ్మ నమ్మకం. ఆదివారం స్త్రీల సమాజం ప్రార్థనలో నీ పేరు చేర్పించింది.

ఇక నువ్వడిగినది. మన పేటలో మందు సీసా మీద ఏం రాసుందో చదవాలన్నా, కరెంటాఫీసు కాగితం వచ్చినా మన గుమ్మంలోకే వస్తారని నీకు తెలుసు. తెలియదని నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మనింట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే కదా, నేను కూడా తెలియదంటే వాళ్ళింకెవరి దగ్గరికి వెళ్తారు? నా జువాలజీ పుస్తకంలో కప్ప గురించి బోలెడన్ని పేజీలున్నాయి. న్యూట్ గురించి సగం పేజీ, అందులోనూ సగం బొమ్మ. అయినా న్యూట్ కప్పకి చుట్టమే గాని బల్లికి కాదు. ఈ మాట నువ్వు ధైర్యంగా దొరగారితో అనవచ్చు.

వాటికి అన్నిటికన్నా బలమైన మేత వానపాము. అదే మన ఎర్ర. ఎర్రని తవ్విన వెంటనే పెట్టకూడదు. దాని కడుపులో మట్టి ఉంటుంది. ఒక రోజు తడి కాగితంలో ఉంచితే ఆ మట్టి వదిలేస్తుంది. అప్పుడు కడిగి, చిన్న ముక్కలుగా కోసి, ముక్క ఇంకా మెలికలు తిరుగుతుండగానే తొట్టిలో వెయ్యి. నిలవ ఉంచడానికి చీకటి, చెమ్మ, చల్లదనం కావాలి. ఫ్రిజ్‌లో అడుగు అరలో, మూతకి కన్నాలు పెట్టిన డబ్బాలో ఉంచు. దోమ పిల్లల్ని కూడా ఇష్టంగా తింటాయట. వాటిని టీ వడగట్టే జల్లెడతో పట్టి, సీసా మూతికి గుడ్డ కట్టు. గుడ్డ మర్చిపోతే అవి దోమలవుతాయి.

నేను ఊహించి చెప్పేది నీ ఉద్యోగం మీద ప్రయోగం కాకూడదు. అందుకని ఇక్కడ కొబ్బరి పీచు పొట్టుని మంచినీళ్ళతో కడిగి, కుండలో తడిపి, ఎర్రలు వేసి వసారాలో పెట్టాను. బతికితే నీకు రాస్తాను.

రూతు, బి.యస్సీ.

(డిగ్రీ రాస్తే నీకు సంతోషమని రాశాను. గర్వం అనుకోకు.)

*

మస్కట్,
17-4-1981

చెల్లి రూతుకు అన్నయ్య ఆశీస్సులు.

డిగ్రీ ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాయి. ఉత్తరం కోయాకి చూపించాను. కప్పకి చుట్టం అన్న మాట దొరగారితో అంటే ఆయన మళ్ళీ చెయ్యి ఊపారు. ఈసారి భుజం కూడా నొప్పెట్టింది.

ఎర్రలు ఇక్కడ ఊరికే దొరకవు. మన గట్ల మీద ఉన్నట్టు ఉండవు. ఖర్జూరం తోటలో నీళ్ళు పెట్టే ముసలాయన దగ్గర డబ్బాడు తెచ్చాను. నువ్వు చెప్పినట్టే తడి కాగితం, కన్నాల మూత, ఫ్రిజ్ అడుగు అర. ఎవరూ ముట్టకుండా డబ్బా మీద పెద్దపెద్ద అక్షరాలతో "పురుగులు – ముట్టరాదు" అని రాశాను. తెలుగులో.

శుక్రవారం దొరగారింటికి విందుకి వచ్చినాయన జున్ను డబ్బా అనుకుని మూత తీశాడు. ఆయన అరుపుకి దొరసానమ్మగారు పరిగెత్తుకొచ్చారు. ఆమె అరుపుకి కోయా పరిగెత్తుకొచ్చి, "ఈ వంటింట్లో నేనైనా ఉండాలి, అవైనా ఉండాలి" అని ఏప్రన్ విప్పేశాడు. దొరగారొక్కరే నవ్వారు. "లేబుల్ వేశావా?" అని అడిగారు. ఆయ్ అన్నాను. అబద్ధం కాదు కదా?

మొత్తానికి అది నా మంచికే జరిగింది. వెనక నేనుండే గదిలోకి పాత చిన్న ఫ్రిజ్ ఒకటి ఇచ్చారు. అందులో అన్నీ ఎర్రలే. నా మంచినీళ్ళ సీసా కూడా బయటే పెట్టుకుంటున్నాను.

దోమ పిల్లలు కుదరవు. నీళ్ళు నిలవ ఉంటే కదా దోమలు! తడి కాగితంలో ఎర్రలు నాలుగు రోజులు కూడా ఉండటం లేదు. ఇక్కడి మట్టి వేద్దామంటే అంతా ఉప్పు. నీ కొబ్బరి పొట్టు పనిచేస్తోందా? రాజోలు సింహాద్రి సెలవు నుంచి మే మొదట్లో తిరిగొస్తున్నాడు. అతనితో ఒక మూట పంపు.

అమ్మతో చెప్పు, నేను తినేది అన్నమే. దొరగారింట్లో కోడికూర.

దేవసహాయం

*

మామిడికుదురు,
1-5-1981

అన్నయ్యకు రూతు వందనాలు.

పొట్టు మూట సింహాద్రిగారికి అప్పగించాం. మూడు నీళ్ళు కడిగి, ఎండబెట్టి, దిండు గలీబులో కుట్టి పంపాను. నేను కుట్టేశాక అమ్మ కుట్లు విప్పి, ఆవకాయ జాడీ మధ్యలో పెట్టి, మళ్ళీ కుట్టిందని ఆయన బస్సెక్కాక చెప్పింది. "పొట్టులో అయితే జాడీ పగలదే" అంటుంది. ఎర్రలకి కారం ఎంత అపకారమో వివరించబోతే, "అయితే మా అబ్బాయికి లేని ఆవకాయ వాటికెందుకు!" అంది. జాడీ కారితే పొట్టు మళ్ళీ కడుగు.

నా ప్రయోగాల సంగతి. దోమ పిల్లల కోసం పెరట్లో గోలెంలో నీళ్ళు నిలవ పెట్టాను. బ్రహ్మాండంగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే మలేరియా బంగారరాజుగారు వచ్చారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి కుండలు బోర్లించే ఆయన.

"ఏమ్మా రూతమ్మా, డిగ్రీ చదివి దోమల్ని పెంచుతున్నావా?"

"ప్రయోగం అండి. మస్కట్‌లో మా అన్నయ్య కోసం."

"మస్కట్‌కి మన దోమలెందుకమ్మా! అవి ఇక్కడ ఎగిరేయంటే నా ఉజ్జోగం ఎగిరిపోద్ది."

గోలెం ఒంపేసి, గోడ మీద సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టేరు. ప్రార్థనలకొచ్చిన వాళ్ళంతా ఆ సంతకం చూసి ఏమైందని అడుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది.

ఇక ఎర్రల కుండ. మొదటి పది రోజులూ చాలా బాగుంది. కూరగాయ తొక్కలు వేస్తే తిన్నాయి, లావెక్కాయి. తర్వాత తగ్గడం మొదలైంది. కారణం తెలియలేదు. చెమ్మ సరిగ్గానే ఉంది, చీమలు లేవు, మూత మీద రాయి ఉంది. మళ్ళీ తవ్వి తెచ్చి వేశాను. చూసి రాస్తాను.

ఇంటి సంగతులు: గేదె ఈనింది, పెయ్యదూడ. నాన్నగారికి ఈ మధ్య చేపలు బాగా పడుతున్నాయి. కాలవలు కట్టేసిన రోజుల్లో, ఆ మిగిలిన మడుగుల్లో కూడా జెల్లలు తెస్తున్నారు. దేవుని దయ. నిన్న అన్నం తింటూ "అంతా రూతమ్మ చదువు చలవ" అన్నారు. నా చదువుకీ జెల్లల పులుసుకీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు గాని, ఆయన ఆ మాట అంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

రూతు, బి.యస్సీ.

*

మస్కట్,
20-5-1981

చెల్లీ,

మూట అందింది. విమానాశ్రయంలో అధికారి దాన్ని సూదితో పొడిచి, వాసన చూసి, తుమ్మి, సింహాద్రిని పక్కకి నిలబెట్టాడట. ఇది ఏమిటని అడిగితే సింహాద్రి పురుగుల పరుపు అని చెప్పాడు. నిజమే చెప్పాడు పాపం. జాడీ బయటికి తీశాక గాని వదల్లేదు. సింహాద్రి ఇక నా మూట ఏదీ మొయ్యనని ఒట్టేసుకున్నాడు.

జాడీ కొంచెం కారింది. పొట్టు ఎర్రగా ఉన్నవైపు తీసి పారేసి, మిగిలింది నీళ్ళు తేటబడేదాకా కడిగాను. ఆవకాయ కోసం క్యాంపులో ఉన్న గోదావరి జిల్లాల వాళ్ళంతా నా గదికొచ్చారు. తిని వెళ్ళేటప్పుడు ప్రతివాడూ నా ఎర్రల్ని పరామర్శించి వెళ్ళాడు.

నీ మాట నిజం చెల్లీ. పొట్టులో ఎర్రలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒకదాన్నొకటి చుట్టుకుని లావుగా, నిగనిగలాడుతున్నాయి. పిల్లలు కూడా కనపడ్డాయి. రోజీ నా వేలు చూస్తే చాలు పైకి తేలుతోంది.

జూన్ అయిదున దొరగారు వెళ్తున్నారు. నిన్న పిలిచి, "దేవ్, నీకు నమ్మకమేనా?" అని అడిగారు. ఈసారి నా ఆయ్ గట్టిగా వచ్చింది.

దేవసహాయం

*

మామిడికుదురు,
24-5-1981

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. అర్జెంటు. పొట్టు వాడకు. వేసి ఉంటే వెంటనే తీసి పారెయ్యి.

నా కుండలో రెండోసారి వేసిన ఎర్రలు కూడా పోయాయి. మూడోసారి వేసినవి కూడా. చచ్చి పడి ఉంటే చూసి కారణం కనిపెట్టేదాన్ని. ఒక్క శవం కూడా లేదు! పొట్టు మొత్తం నేల మీద పరిచి వెతికాను. చాలా ఆలోచించాను. కొబ్బరి పొట్టు నానితే కషాయంలాంటి ఎర్రటి రసం వస్తుంది కదా, ఆ రసంలో వానపాము ఒళ్ళు కరిగిపోతోందని నా నిర్ణయం. వానపాముకి ఎముక లేదు గనక ఆనవాలు కూడా మిగలదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టాను. కాని నీ ఉద్యోగం మీదికి వచ్చే కనిపెట్టడం నాకొద్దు.

పాత పద్ధతిలో తడి కాగితమే వాడు. రోజూ మార్చు. దొరగారు వెళ్ళేలోగా ఈ ఉత్తరం చేరాలని ప్రార్థిస్తున్నాను.

మనసు బాగాలేక నిన్న కొరమేను కూర కూడా తినలేదు. నాన్నగారు మోచెయ్యంత కొరమేను పట్టుకొచ్చారు. పేటంతా చూడటానికి వచ్చారు. "రూతమ్మ ఉండగా నాకేం లోటు" అని అందరితో చెప్పేరు. నేను లోపల కూర్చుని ఏడ్చాను. అంత నమ్మకానికి నేను తగను.

రూతు

*

మస్కట్,
11-6-1981

చెల్లి రూతుకు,

ఉత్తరం దొరగారు వెళ్ళిన మర్నాడు అందింది. నిజం చెప్పాలంటే నా ఎర్రలు హాయిగా ఉన్నాయి. కరిగిన జాడ ఏమీ కనపడలేదు. కాని నువ్వు చదువుకున్నదానివి, నేను ఆదివారపు బడి మనిషిని. రేపో మాపో కరుగుతాయేమో, నాకేం తెలుసు? పొట్టు మొత్తం, ఏరగా మిగిలిన ఎర్రలతో సహా, గది వెనక మందారం మొక్క మొదట్లో పారబోశాను. ఏరినవి తడి కాగితంలో పెట్టాను.

మొన్న బంగళాకి పగలల్లా కరెంటు పోయింది. ఫ్రిజ్ వేడెక్కిపోయింది. కాగితంలో ఎర్రలన్నీ పోయాయి. ఖర్జూరం తోట ముసలాయన వాళ్ళ ఊరు వెళ్ళాడు, రంజాన్ పండగ అయితేగాని రాడట.

న్యూట్లు పస్తులుంటున్నాయి. కోడిమాంసం సన్నగా కోసి, దారానికి కట్టి, తొట్టిలో ఆడిస్తున్నాను, బతికున్న పురుగనుకుంటాయని. చేతులు పీకుతున్నాయి. మూడు న్యూట్లు అప్పుడప్పుడు మోసపోతున్నాయి. రోజీ మాత్రం దారం చూస్తుంది, నన్ను చూస్తుంది, మొహం తిప్పేసుకుంటుంది. పాప వెళ్ళేటప్పుడు దాని తొట్టికి ముద్దు పెట్టి వెళ్ళింది చెల్లీ.

నిన్న దొరగారు ఇంగ్లండు నుంచి ఫోను చేశారు. "అంతా బాగుందా?" అన్నారు. నోట్లోంచి ఆయ్ వచ్చేసింది. ఫోను పెట్టేసి మళ్ళీ దారం పట్టుకున్నాను.

ఏదో ఒకటి రాయి. ప్రార్థన కూడా చెయ్యండి. ఈసారి నిజంగా అవసరం.

దేవసహాయం

*

మామిడికుదురు,
22-6-1981

అన్నయ్యా,

నీ మే నెల ఉత్తరమూ, జూన్ ఉత్తరమూ ఒక్కసారే వచ్చాయి. ఈ ఉత్తరం కన్నా ముందే నా టెలిగ్రాం అంది ఉంటుంది. ఎందుకిచ్చానో ఇప్పుడు రాస్తాను.

నీ ఉత్తరాలు చదివి నేను వసారాలో కూర్చుని ఉన్నాను. అక్కడ నీ ఎర్రలు లావెక్కాయి, ఇక్కడ నావి కరిగాయి. పొట్టు ఒకటే, కడిగిన చెయ్యీ ఒకటే. ఎలా? అదే సమయానికి నాన్నగారు ఒక కొరమేను తెచ్చి అరుగు మీద పెట్టేరు. అమ్మ కత్తిపీట తెస్తోంది. కాలేజీ అలవాటు కొద్దీ చేప నోరు తెరిచి చూశాను. గొంతులో ఎర్ర ఉంది. ఆ ఎర్రకి అంటుకుని కొబ్బరి పొట్టు!

"ఏంటి నాన్నా ఇది?"

"ఎర్రమ్మా."

"ఏ ఎర్ర?"

"నీ ఎర్రే. కుండలోది." ఎంత ధీమాగా చెప్పేరో! "గట్టు మీద తవ్విన ఎర్రలు దీని ముందు ఎందుకూ పనికిరావు. నువ్వు తొక్కలూ అవీ పెట్టి పెంచేవు కదా, చేపలు ఎగబడి తింటున్నాయి."

"ఎప్పట్నుంచి తీస్తున్నారు?"

"నువ్వు పెంచినప్పట్నుంచీ. ఎందుకే, ఇంకెవరికోసం పెంచేవు?"

అమ్మ అందుకుంది. "అబ్బాయి కోసం పెంచుతుందయ్యా! మస్కట్లో వాడి బల్లులకి!"

"వాడి బల్లులకి మస్కట్లో కదా పెడతారు? ఇక్కడ వసారాలో పెడితే నాకోసమే అనుకున్నాను." ఆయన మొహం చిన్నబోయింది. "కాలవ గట్టు మీద అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మాయి డిగ్రీ చదివి నాకు ఎర్రలు పెంచుతుందని."

కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అన్నయ్యా. నేను ఒక్కసారి "కుండలో ఎర్రలు ఏమయ్యాయి?" అని ఇంట్లో అడిగి ఉంటే సరిపోయేది. ఇంట్లోవాళ్ళకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అడగకుండా, ఆలోచించి, కరిగిపోయాయని కనిపెట్టాను.

వెంటనే సైకిలు మీద పోస్టాఫీసుకి వెళ్ళాను. పొట్టు మంచిదే, నాన్న ఎర్రలు తీశారు, మళ్ళీ వెయ్యి, అని ఇంగ్లీషులో క్లుప్తంగా రాసిచ్చాను. ఇప్పటికే ఆలస్యమైపోయిందేమో. న్యూట్లు ఏమైనా అయితే తప్పు చెల్లెలిదని దొరగారికి నా పేరు చెప్పు. బీఈడీ వచ్చే ఏడైనా చదవచ్చు, చదవకపోయినా ఫరవాలేదు.

రూతు

*

మస్కట్,
6-7-1981

రూతమ్మా,

ఇంటి నుంచి టెలిగ్రాం వస్తే దానర్థం ఏమిటో నీకు తెలీదా? కోయా కవరు చింపి, కళ్ళతో చదువుకుని, "ఫాదర్" అని ఆగాడు. అంతే. నేను గోడకి చేరబడిపోయాను. కోయా నన్ను పట్టుకుని తనూ ఏడ్చాడు. క్యాంపు నుంచి సింహాద్రి వాళ్ళు కూడా వచ్చేశారు. సగం ఏడుపు అయ్యాక సింహాద్రి కాగితం లాక్కుని తక్కినది కూడబలుక్కున్నాడు. "మీ నాన్న ఎర్రలు తీసుకున్నాడంటరా" అన్నాడు. అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. చచ్చిపోలేదని తెలిసి మళ్ళీ ఏడ్చాను. తర్వాత, ఎర్రలు మందుగా తీసుకున్నాడేమో, దగ్గు అంత ముదిరిందా అని ఒకడన్నాడు. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ బెంగ తీరలేదు.

ఇక మంచి మాట. "మళ్ళీ వెయ్యి" అన్నావు. ఎక్కడిది వెయ్యను, మందారం మొదట్లో పారబోశాను కదా! ఎండకి మాడి బూడిదై ఉంటుందనుకుంటూనే గది వెనక్కి వెళ్ళాను. న్యూట్ల కోసం ఆపకుండా నడుపుతున్న బంగళా ఏసీ మిషను నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా సరిగ్గా ఆ పొట్టు మీదే పడుతున్నాయి. గోడ నీడ, చెమ్మ, పైన రాలిన మందారాకులు. చెయ్యి పెట్టి పెళ్ళగించాను.

చెల్లీ, అన్నీ ఉన్నాయి! పిల్లలతో సహా. మనింట్లో పుట్టినట్టు పుట్టేశాయి. మన ఊరి పొట్టు, ఈ దేశపు ఏసీ నీళ్ళు.

ఒక ఎర్రని కడిగి, కోసి, రోజీ ముందు వేశాను. చూసింది. ఇది దారం కాదని తెలుసుకోడానికి కాస్త టైము తీసుకుంది. తర్వాత గభాల్న మింగింది. దాని గొంతు కదలడం చూస్తే, మన గేదె దూడ మొదటిసారి పాలు తాగుతుంటే చూసినట్టుంది నాకు. మిగతావీ తిన్నాయి.

నాన్నగారిని ఏమీ అనకు. నీ ఎర్రలు ఎంత మంచివో కనిపెట్టింది ఆయనే కదా.

దేవసహాయం

*

మామిడికుదురు,
24-7-1981

అన్నయ్యకు వందనాలు.

ఉత్తరం చదివేటప్పుడు మందారం మొదలు దగ్గర ఆ వరుసలు రెండుసార్లు చదివాను. పక్కనున్న మలేరియా బంగారరాజుగారు కూడా కుండ కింద పెట్టి విన్నారు. నీళ్ళు నిలవ లేకుండా బొట్టుబొట్టుగా పడటం ఆయనకి బాగా నచ్చింది.

ఇప్పుడు మన వసారాలో రెండు కుండలున్నాయి. ఒకటి నాది, ఒకటి నాన్నగారిది. ఎవరిది ఏదో తెలియడానికి నాన్నగారి కుండకి గాలం బొమ్మ సుద్దతో గీశాను. ఆయన సాయంత్రం వెళ్ళేటప్పుడు నా కుండ వంక ఒకసారి చూస్తారు. నేను చూస్తున్నానా అని కూడా చూస్తారు.

దొరగారు వచ్చాక ఏమన్నారో పూర్తిగా రాయి. సంతకం గురించి ముందు రాయి, మిగతావి తర్వాత.

రూతు

*

మస్కట్,
14-8-1981

చెల్లి రూతుకు,

సంతకం పెట్టారు. మూడేళ్ళకి. బీఈడీ అప్లికేషను ఇవాళే పెట్టు.

నాలుగు న్యూట్లూ క్షేమం. రోజీ ఇదివరకటికన్నా లావెక్కింది. పాప తొట్టి ముందు కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పింది. దొరగారు వెనక్కొచ్చి పొట్టు పెళ్ళగించి చూసి, "ఇది ఎవరి ఆలోచన?" అని అడిగారు. ఆయ్ అనడానికి వీల్లేని ప్రశ్న అది. మొదట్నుంచీ ఏమీ తెలియకుండానే ఆయ్ అన్నానని, పొట్టు నీదని, పారబోయించింది కూడా నువ్వేనని, మధ్యలో నాన్నగారి గాలం సంగతి, టెలిగ్రాం, అన్నీ చెప్పేశాను. కోయా చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. దొరగారు మెట్ల మీద కూర్చుండిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అబద్ధం చెప్పని మనిషి దొరికాడని సంతకం పెట్టారు. అంతకుముందు ఫోనులో అన్న ఆయ్‌లు ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొక చిన్న సంగతి. పక్క బంగళా దొరగారికి ఎడారి తాబేళ్ళు రెండున్నాయి. వాళ్ళు క్రిస్మస్‌కి ఊరెళ్తున్నారట. వాటిని చూసుకోవడం నాకు తెలుసా అని అడిగారు.

ఏమన్నానో నీకు తెలుసు కదా. వెంటనే రాయి.

దేవసహాయం

*

మామిడికుదురు,
31-8-1981

అన్నయ్యా,

సంతకం సంగతి అమ్మ ఆదివారం కృతజ్ఞతా కూడికలో చెప్పింది. బల్లులు కూడా రక్షించబడ్డాయని చెప్పింది. అప్లికేషను పెట్టాను.

తాబేళ్ళు ఏం తింటాయో నాకు తెలియదు.

ఈ మాట రాసి, సిరా ఆరేదాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ఏమీ అవలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది. నాకు తెలియదు గాని, తెలుసుకుంటాను. అమలాపురం కాలేజీలో మా మేడమ్‌గారిని అడుగుతాను, ఇంట్లో కూడా అడుగుతాను. ఈలోగా నువ్వు ఆ దొరగారి దగ్గరికి వెళ్ళి నీకూ తెలియదని చెప్పు. ఒకసారి అని చూడు, అలవాటవుతుంది.

ఇంట్లో అడగడం అప్పుడే మొదలుపెట్టాను. నాన్నగారు చాలాసేపు ఆలోచించేరు. తాబేళ్ళు ఏం తింటాయో కనుక్కున్నాక, దాన్ని చేపలు కూడా తింటాయేమో మేడమ్‌గారిని వేరేగా అడగమన్నారు. తింటే మూడో కుండకి చోటు ఉందట.

నీ చెల్లెలు,
రూతు